తక్కెడ తూర్పున, రాళ్లు పడమర

జగిత్యాలలో నాకో స్టేషనరీ, జిరాక్స్ దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లలో దానికి వరసగా రెండు రోజులు తాళం పడిన సందర్భం లేదు. ఈ ఫిబ్రవరిలో నా భార్య సుజాత ఒక తెల్ల కాగితం మీద "యజమాని ఊళ్లో లేరు" అని రాసి షట్టరుకు అంటించింది. తను బడిలో టీచరు, సెలవు దొరకలేదు. నన్నొక్కడినే రైలెక్కించి, "సముద్రం చూసిరా. దుకాణాలు మాత్రం చూడకు" అంది.

యాభై రెండేళ్లు వచ్చినా నేను సముద్రం చూడలేదు. అందుకే వెళ్లాను. సముద్రాన్ని గంటన్నర చూశాను. మిగిలిన కాలమంతా దుకాణాల్లోనే గడిచింది. అందులో నా తప్పు కొంత ఉంది, అంతా మాత్రం నాది కాదు.

నెల్లూరు

పెన్న దాటాక రైలు దిగేసరికి పొద్దున ఎనిమిదయింది. స్టేషను ముందున్న పెద్ద రోడ్డు మీద మా ఊళ్లో ఉన్న సెల్‌ఫోన్ షాపులే ఉన్నాయి. వెనక సందుల్లోకి తిరిగాను. అక్కడ ఒక పెద్దాయన్ని "ఇక్కడ మలైకాజా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగితే, "రెండో సందులో అంగడి ఉండాది, పోండి" అన్నాడు. మా వైపు అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. కూరగాయలూ మేకలూ గాజులవాళ్లూ ఉంటారనుకుని సందంతా వెతికాను. చివరికి తేలిందేమిటంటే, ఇక్కడ దుకాణాన్నే అంగడి అంటారు. ఆ అంగడి ముందు నుంచే నేను మూడుసార్లు నడిచాను.

కాజా నోట్లో పెట్టుకుంటే పాలూ పాకమూ కలిసి జారిపోయింది. మా ఊళ్లో కాజా అంటే పంటితో పోట్లాడాలి. అంగడి నడిపే దావీదు ముప్పై అయిదేళ్ల మనిషి. నేను తింటూ ఉంటే నన్నే చూస్తూ, "మీదీ అంగడేనా అన్నా?" అని అడిగాడు.

"ఎట్లా తెలిసింది?"

"కొనేదానికి వచ్చినోళ్లు కాజాలు చూస్తారు. మీరు రేకులు చూస్తా ఉండారు."

నిజమే. ఆ రేకుల పందిరికి వాన నీరు లోపలికి రాకుండా అంచు వంచిన తీరు నాకు నచ్చింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి బొమ్మ కూడా వేసుకున్నాను. దావీదు సంతోషించి ఇంకో కాజా ఇచ్చాడు. జనం లేని సముద్రం కావాలంటే వాకాడు పక్కకు వెళ్లమన్నాడు. అక్కడ ఒక ఊళ్లో తన మేనత్త రూతమ్మ ఉందనీ, ఇంటి పక్క గది ఖాళీగా ఉందనీ చెప్పి, నా ముందే ఫోన్ చేశాడు. నా యాత్ర మిగతాదంతా ఆ రెండు నిమిషాల ఫోన్‌లో ఖాయమైపోయింది.

రెండు అంగళ్ల వీధి

ఆ ఊరి పేరు రాయను. నన్ను మళ్లీ రానివ్వాలి కదా. వాకాడు నుంచి ఆటోలో వెళ్లాను. దారంతా రెండు వైపులా వరి, కాసేపటికి ఇసుక, ఆ తర్వాత ఉప్పు గాలి. రూతమ్మ అరవై దాటిన మనిషి. వసారాలో కుట్టుమిషన్, వీధి చివర చిన్న చర్చి. నేను దిగగానే "నీళ్లు కాగుతా ఉండాయి, పోసుకోండి" అంది. పేరు ఆ తర్వాత అడిగింది.

స్నానం చేసి, దాహమేసి, ఎదురుగా కనబడిన అంగటికి వెళ్లాను. అరవయ్యేళ్ల పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, కుడికాలు చాచి బియ్యం బస్తా మీద పెట్టుకుని ఉన్నాడు. పేరు పెంచలయ్య. గోలీసోడా అడిగాను. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ఇచ్చి ఊరుకున్నాడు.

"కొట్టి ఇవ్వండి" అన్నాను.

"కొట్టే చెక్క ఎదురంగట్లో ఉండాది."

వీధి దాటి పడమటి వైపు అంగటికి వెళ్లాను. అక్కడ అదే ముక్కు, అదే నుదురు, పదేళ్లు చిన్నగా ఉన్న మనిషి. రమణయ్య. సీసా తీసుకుని, చెక్కతో గోలీ లోపలికి కొట్టి ఇచ్చాడు. గ్లాసు అడిగాను.

"గ్లాసులు ఆ పక్కే సార్" అన్నాడు.

నేను వీధి మధ్యలో నిలబడి సీసాతోనే తాగేశాను. అప్పుడే ఒకామె అరకిలో కందిపప్పుకు వచ్చింది. రమణయ్య ఆమెకు ఒక సంచీలో ఉరామరికగా పప్పు పోసి, అరకిలో రాయి చేతికిచ్చాడు. ఆమె రెండూ పట్టుకుని వీధి దాటి పెంచలయ్య అంగట్లో వేలాడుతున్న తక్కెడలో తానే తూచుకుంది. గుప్పెడు ఎక్కువొచ్చింది. ఆ గుప్పెడూ రాయీ తీసుకొచ్చి రమణయ్యకు తిరిగిచ్చి, పప్పు డబ్బులిచ్చి వెళ్లిపోయింది. ఆమె ముఖంలో విసుగు లేదు. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినంత మామూలుగా ఉంది.

దుకాణదారుణ్ణి కాబట్టి నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఒక గిరాకీకి ఎంత నడక పడుతుందో చూద్దామని ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకు అడుగులు వేశాను. "పద్నాలుగు" అని పైకే అని పుస్తకంలో రాసుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

ఫొటోలో చెయ్యి

వాళ్లిద్దరూ అన్నదమ్ములు. సాయంత్రం మిషన్ తొక్కుతూ రూతమ్మ చెప్పింది. మొదట అంగడి ఒకటే, వాళ్ల నాన్నది. కొడుకులు వేరు పడతారని ఆయనకు ముందే తెలుసు. అందుకే పోయేముందు తన చేతిరాతతో పంపకం రాసిపెట్టాడు. తక్కెడ పెద్దోడికి, రాళ్లు చిన్నోడికి. చక్కెర పెద్దోడికి, టీపొడి చిన్నోడికి. సోడాలు ఒకరికి, చెక్క ఒకరికి. ఇట్లా పంచితే రోజుకు పదిసార్లయినా మాట్లాడుకోక తప్పదని ఆయన ఆశ.

"పదకొండేళ్లయింది. ఒక్క మాట లేదు" అంది రూతమ్మ. "వాళ్ల బదులు ఊరంతా నడస్తా ఉండాది."

"కొత్త కాటా ఒకటి కొనుక్కోవచ్చు కదా అక్కా?"

"కొంటే నాన్న మాట కాదన్నట్టు గదా. ఆ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట."

గొడవ ఎందుకొచ్చిందంటే ఫొటో వల్ల. నాన్న మధ్యలో, కొడుకులిద్దరూ చెరోపక్క నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఉండేది. ఆయన పోయాక పెంచలయ్య దాన్ని స్టూడియోలో ఇచ్చి నాన్న బొమ్మ పెద్దది చేయించాడు. స్టూడియోవాడు కొడుకులిద్దర్నీ తీసేశాడు. అయితే రమణయ్య చెయ్యి నాన్న భుజం మీద ఉండింది. దాన్ని తీస్తే భుజం పాడవుతుందని వదిలేశాడు. పదకొండో రోజున చుట్టాలందరి ముందూ ఆ ఫొటోకు దండ వేశారు. నాన్న భుజం మీద ఎవరిదో తెలియని చెయ్యి. రమణయ్య చూసి, "నన్ను నరికేసి చెయ్యి మాత్రం ఉంచుకున్నావా?" అని బయటికి పోయినాడట. అంతే.

మర్నాడు పొద్దున నేను ఆ ఫొటో చూశాను. పెంచలయ్య వెనక గోడ మీద ఉంది. నాన్న గంభీరంగా ఉన్నాడు. చెయ్యి కొంచెం భయపెట్టిన మాట నిజం.

చేపల పులుసు

మూడో రోజు నాకు మర్యాదలు మొదలయ్యాయి. పెంచలయ్య ఇంటి నుంచి ఇడ్లీలూ ఎర్రకారమూ వచ్చాయి. అరగంటలో రమణయ్య ఇంటి నుంచి మామిడికాయ వేసి నిన్న వండిన చేపల పులుసు గిన్నె వచ్చింది. ఈ పులుసు వండినరోజు తినకూడదనీ, ఒక రాత్రి నిలవుండాలనీ గిన్నె తెచ్చినామె చెప్పింది. మా ఇంట్లో నిన్నటి కూర పెడితే అలుగుతారు. ఇక్కడ ఈరోజు పులుసు పెడితే అలుగుతారట.

నాకెందుకు ఇన్ని మర్యాదలో మధ్యాహ్నం రమణయ్య వచ్చాక తెలిసింది. వారం కిందట ఎవరో వచ్చి వీధి గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్లారు. రోడ్డు వెడల్పు చేస్తారనీ, ఒక పక్క అంగడి పోతుందనీ ఊళ్లో పుకారు. అంతలో నేను వచ్చి, వీధిని అడుగులతో కొలిచి, పుస్తకంలో రాసుకున్నాను.

"నేను ఆఫీసర్ని కాదు. నాది జిరాక్స్ దుకాణం" అన్నాను.

"అట్టనే అంటారులే సార్" అని రమణయ్య పీట లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "ఒక మాట. రోడ్డు నా పక్కకు తీసుకోండి."

నేను పులుసు ముద్ద నోట్లో పెట్టుకోకుండానే ఆగిపోయాను. "నీ అంగడే పోతుంది కదా?"

"పోనీండి. ఆయనకు మోకాళ్లు అరిగిపోయినాయి. ఇంకో చోట అంగడి పెట్టుకోలేడు. ఈ మాట ఆయనకు చెప్పబాకండి. నేనే అడిగినానని తెలిస్తే, కావాలనే తన పక్కకు తీసుకోమంటాడు. నా మీద ఆయనకంత పగ."

మళ్లీ ఒకసారి నేను ఆఫీసర్ని కానని చెప్పాను. గిన్నె రేపు పంపితే చాలని చెప్పి వెళ్లిపోయాడు.

సముద్రం

నాలుగో రోజు పొద్దున్నే సముద్రం దగ్గరికి నడిచాను. ఇసుక మీద వలలు ఆరేసి ఉన్నాయి. సముద్రం గురించి పెద్దగా రాయను. చాలా పెద్దది. ఫొటోల్లో తెలియనిదల్లా దాని చప్పుడు. మా దుకాణం ముందు నుంచి లారీల వరస ఆగకుండా పోతున్నట్టుంది. సుజాతకు ఫోన్ చేసి వినిపించాను. "షట్టరు తీస్తున్నవా ఏంది?" అని అనుమానపడింది.

గంటన్నర కూర్చున్నానో లేదో వెనక మోపెడ్ ఆగింది. పెంచలయ్య. కాలు పట్టుకుని మెల్లగా దిగి, నా పక్కన కూర్చోలేక నిలబడే మాట్లాడాడు.

"సార్, రోడ్డు తూర్పు పక్కకు తీసుకోండి. నా అంగడి ఉండే పక్క."

"పెంచలయ్య గారూ, నేను..."

"తెలుసు, జిరాక్స్ అంగడి. వినండి. నాకు రెండెకరాల వరి ఉండాది. అంగడి పోయినా తింటా. వాడికి బేరం తప్ప ఇంకొక పని రాదు. చిన్నప్పుడు బడికి పొమ్మంటే అంగట్లో బస్తాల వెనక దాక్కునేవాడు. వాడికి మాత్రం చెప్పబాకండి. తెలిస్తే, వాడి పక్కకే తీసుకోమని మీ కాళ్ల మీద పడతాడు. నా మాట కాదనడమే వాడికి కావాల."

నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకే కోరిక కోరారు, ఇద్దరూ ఒకే ఒట్టు వేయించుకున్నారు, ఇద్దరూ అడగాల్సిన మనిషిని కాక ఒక జిరాక్స్‌వాణ్ణి అడిగారు. నా ఎదుట నిలబడినాయన కళ్లు తుడుచుకుని, ఉప్పు గాలి పడదని చెప్పి మోపెడ్ ఎక్కాడు.

మోకాలు

మధ్యాహ్నం టీపొడికి రమణయ్య దగ్గరికీ, చక్కెరకు పెంచలయ్య దగ్గరికీ నన్నే పంపింది రూతమ్మ. వీధి మధ్యలో నాకొక ఆలోచన వచ్చింది. ఊరంతా ఇక్కడ పప్పూ రాళ్లూ మోస్తున్నారు. ఒక మాట మోస్తే నష్టమేముంది? పెంచలయ్య ముందు నిలబడి, "మోకాలు ఎట్లా ఉందని మీ తమ్ముడు అడగమన్నాడు" అన్నాను.

చక్కెర పోస్తున్న చెయ్యి ఆగింది. "వాడికెందుకంట?" అన్నాడు. పొట్లం కడుతూ, "బాగానే ఉండాదని చెప్పండి" అన్నాడు. నేను మెట్టు దిగుతుంటే, "చలికాలం కొంచెం ఇబ్బంది, అది చెప్పబాకండి" అన్నాడు.

ఎంతో ఉత్సాహంగా పద్నాలుగు అడుగులూ దాటి రమణయ్యకు చెప్పాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నేనెప్పుడు అడిగినాను సార్?"

అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే కనీసం నేనెవరో నమ్ముతాడనుకున్నాను.

రమణయ్య నిదానంగా తల ఊపాడు. "ఇప్పుడు నమ్మకం కుదిరింది. మీరు ఆఫీసరే" అన్నాడు.

జరిగింది రూతమ్మకు మొత్తం చెప్పేశాను. ఇద్దరి రహస్యాలూ సహా. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "ఊళ్లో అందరికీ తెలిసిందే నాయనా. వాళ్లిద్దరికే తెలీదు" అంది. ఇద్దరికీ ఎవరో ఒకరు చెప్పవచ్చు కదా అంటే, "చెపితే మొండికేసుకుని ఇద్దరూ మాట మార్చేస్తారు. ఉండే మంచి కూడా పోతాది" అంది. అదీ నిజమేననిపించింది. కానీ రెండింటిలో ఒక అంగడి పోతే, మిగిలిన అంగట్లో తక్కెడ ఉంటుంది, రాళ్లుండవు. లేదా రాళ్లుంటాయి, తక్కెడ ఉండదు. ఒక దుకాణం మూతపడటం అంటే ఏమిటో నాకు తెలుసు. అన్నం సరిగా తినలేకపోయాను.

టేపు

ఐదో రోజు నా బస్సు పదకొండింటికి. పదింటికి జీపు వచ్చింది. అందులోంచి ముప్పయ్యేళ్ల ఇంజినీరమ్మ ఒకామె దిగింది. ఊరంతా ముందు నన్ను చూసింది, తర్వాత ఆమెను చూసింది. రమణయ్య నా దగ్గరికొచ్చి, "మీ పై ఆఫీసరా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె చేతిలో పెద్ద టేపు ఉంది. పట్టుకునే మనిషి ఆ రోజు రాలేదట. ఎదురుగా ఉన్న పెంచలయ్యతో, "పెద్దాయనా, ఈ కొన మీ మెట్టు మీద ఆనించి పట్టుకోండి" అంది. టేపు లాక్కుంటూ వీధి దాటి రెండో కొస రమణయ్య చేతికిచ్చింది. "మీ మెట్టు దగ్గర పట్టుకోండి" అని, తను మధ్యలో వంగి రాసుకోవడం మొదలుపెట్టింది.

వీధిలో జనం ఊపిరి బిగబట్టారు. అన్నదమ్ములిద్దరి మధ్యా అప్పటిదాకా పప్పులూ రాళ్లూ అటూ ఇటూ తిరిగాయి కానీ, ఒకే వస్తువును ఇద్దరూ ఒకేసారి పట్టుకుని ఉండరు. పెంచలయ్య మెట్టు మీదికి వంగలేక వంగాడు. మోకాలు వణికింది. టేపు వదులైంది.

"వదలబాక" అన్నాడు రమణయ్య.

అనేశాక అతనికే తెలిసింది. టేపు కొస చేతిలో ఉంది కాబట్టి లోపలికి పోవడానికి కూడా వీల్లేదు.

పెంచలయ్య తల ఎత్తలేదు. "నేను వదల్లా. నువ్వే లాగతా ఉండావు" అన్నాడు.

రాసుకోవడం ముగించి ఇంజినీరమ్మ లేచింది. రోడ్డు వెడల్పు ఏమీ లేదంది. ఎర్ర గుర్తులు తాగునీటి పైపువి. వీధి నడిమధ్యలో లోతుగా తవ్వుతారు. పైపు వేసి, పరీక్ష చేసి, పూడ్చేదాకా నెల పడుతుంది. అంగళ్లకేమీ కాదు. కాకపోతే ఆ నెలా ఈ పక్కనుంచి ఆ పక్కకు ఎవరూ దాటకూడదు, చర్చి దాకా వెళ్లి చుట్టి రావాలి.

ముందు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఒక్కొక్కరికీ లెక్క అర్థమైంది. అరకిలో పప్పుకు చర్చి చుట్టూ రెండు తిరుగుళ్లు. సోడా తాగాలంటే ఒకటి. టీ తాగాలంటే ఇంకొకటి. చిన్నవాళ్లయినా పెద్దవాళ్లయినా ఆ వీధిలో ఎవరి కాళ్లకూ అంత సత్తువ లేదు.

"రాళ్లు తెచ్చి నా అంగట్లో పెట్టు" అన్నాడు పెంచలయ్య, టేపు ఇంకా పట్టుకునే.

"తక్కెడ నువ్వే తీసుకురా. నాది పెద్ద అంగడి."

"పెద్దదంట. ముందర వసారా నాదే పెద్దది."

"వసారాలో వాన కొడతాది గదా. చక్కెర పెడితే చీమలు."

"నీ టీపొడికి బూజు పట్టలా పోయిన వానల్లో? కొనుక్కుపోయిన సుబ్బమ్మ చెప్పలేదనుకున్నావా?"

ఫొటో మాట ఎవరూ ఎత్తలేదు. పదకొండేళ్లు దాచుకున్న నోళ్లతో చక్కెర గురించీ చీమల గురించీ పోట్లాడుకున్నారు. వాళ్ల గొంతులు పక్క వీధికి వినబడ్డాయి. సరుకులకు వచ్చినవాళ్లు సంచులు చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. ఇంజినీరమ్మ తన టేపు తనకివ్వమని రెండుసార్లు అడిగింది, ఎవరూ వినలేదు. నా బస్సు హారన్ వినిపించి నేను పరుగెత్తాను. కిటికీలోంచి చూస్తే టేపు ఇంకా వాళ్ల మధ్యే ఉంది.

ఇంటికొచ్చాక

సుజాత నా చేతిపుస్తకం చూసింది. ఐదు రోజుల్లో సముద్రం గురించి ఒక్క వాక్యం లేదు. దుకాణాల బొమ్మలు పద్దెనిమిది ఉన్నాయి. షట్టరు మీది కాగితం తీసి మడిచి, మళ్లీ పనికొస్తుందని సొరుగులో పెట్టుకుంది.

పోయిన వారం రూతమ్మ ఫోన్ చేసింది. దావీదు కాజాలు పంపిస్తున్నాడు, అడ్రసు చెప్పమంది. నేను అంగళ్ల సంగతి అడిగాను. వీధి తవ్వినారంది. తక్కెడ, చక్కెర, ఫ్రిజ్ అన్నీ రమణయ్య అంగటికి చేరినాయి. పెంచలయ్య మోపెడ్ మీద చర్చి చుట్టి రోజూ పొద్దున అక్కడికే వస్తాడు. కుర్చీ ఎక్కడ వేయాలనే దగ్గర మొదలుపెట్టి సాయంత్రం దాకా ఇద్దరూ అరుచుకుంటూనే ఉంటారట. కొనేది లేకపోయినా జనం వినడానికి వస్తున్నారట.

"నెల దాటింది కదక్కా, పైపు పని అయిపోయిందా?" అని అడిగాను.

"ఎప్పుడో అయిపోయినాది. పూడ్చేదానికి మొన్న మనుషులు వచ్చినారు" అంది రూతమ్మ. "వీధిలో అందరం కలిసి టీ ఇచ్చి, ఇంకో నెల పొయ్యాక రమ్మని పంపించినాము."